దిల్‌సుఖ్‌నగర్ దిష్టి పులుసు

రండి, నా పక్కకు జరిగి కూచోండి. చాప చిన్నదే, సర్దుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ బజారు దిష్టంతా నేను మూడు గిన్నెలు ఎట్లా తాగానో చెబుతాను.

మన్సూరాబాద్‌లో మా పక్క గదికి ఒక తల్లి, ఇద్దరు పిల్లలు కిరాయికి వచ్చారు. యుద్ధం జరుగుతున్న దేశం వాళ్లది, ఆ పేరుకు నా నోరు తిరగదు. తండ్రి అక్కడే పోయాడు. తల్లి కాలు దెబ్బతిని నిలబడలేకపోయేది. పదకొండేళ్ల అక్క, ఎనిమిదేళ్ల తమ్ముడు సంపాదిస్తేనే పొయ్యి వెలిగేది. ఏడాది వీధిలో తిరిగేసరికి మన మాటలన్నీ పట్టేశారు.

"అక్కడేం చేసేటోళ్లు బిడ్డా?" అని అడిగాను.

"రొట్టెలు అమ్మేటోళ్లం అమ్మమ్మా. బాంబు పడితే బల్ల కిందికి, ఆగితే మళ్ల బల్ల కాడికి."

"నేను కిందనే ఉండి రొట్టెలు తినేటోన్ని," అన్నాడు తమ్ముడు.

కొట్లకు దిష్టి దండలు కట్టడం నా పని. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, బొగ్గుముక్క. మోకాళ్లు మొరాయించాక నేను ఇంట్లో గుచ్చి ఇస్తే, శనివారం పొద్దున్నే పిల్లలు పోయి కట్టి వచ్చేవారు. పాతది తీసి కొత్తది కట్టమన్నాను. పాతది రోడ్డు మీద పారేయమని మాత్రం చెప్పలేదు. అది కూడా ఒకరు చెప్పాలా అనుకున్నాను.

నెల తిరిగాక వాళ్లమ్మ పులుసు పంపింది. నల్లగా, పుల్లగా, అమృతం! మూడో గిన్నె ఖాళీ అవుతుండగా గాజుల కొట్టాయన కొత్త స్కూటర్‌కు దండ కావాలని గడపలోకి వచ్చాడు.

"ఏం ఏసిన్రే గిండ్ల, గింత కమ్మగుంది?" అన్నాను పిల్లతో.

"ఎండిన నిమ్మకాయలు అమ్మమ్మా. మా దేశంల గివే ఏస్తరు. గీడ గూడ అందరు కొట్ల ముంగట ఎండబెట్టుకుంటున్నరు కద. గీ సేటువి మస్తు పెద్దగుంటయి."

ఆయన చేతిలోంచి తాళంచెవి జారింది.

"నా దిష్టి ఒండుకతిన్నరా! బజారంత చెప్త. ఇగ గీ పోరగాండ్లు అటు దిక్కు రావద్దు!"

పిల్ల నా కొంగు పట్టుకుంది. "పని పోతే మా అమ్మకేం పెట్టాలె?"

నేను గిన్నె కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"సేటూ, ఈ నెల గిరాకీ ఎట్లుంది?"

"మంచిగనే ఉంది."

"మరి? ఇన్నేండ్లు నీ దిష్టి రోడ్డు మీద పడి, ఆటో చక్రానికి అంటుకొని మళ్ల నీ కొట్టుకే ఒచ్చింది. ఇప్పుడు నా కడుపుల పడ్డది. ఇగ ఏడికెల్లి ఒస్తది?"

ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "పూర్తిగ అరిగిందా అవ్వా?"

సమయానికి దేవుడిచ్చినట్టు గట్టిగా త్రేన్పు వచ్చింది.

పిల్లల పని నిలబడింది. ఇప్పుడు ప్రతి శనివారం ఆయన వాళ్లకోసం ఎదురుచూస్తాడు. "పోయినవారంది అవ్వ తిన్నదా?" అని అడిగి, వాళ్లు అవునంటేనే కొత్త దండ కట్టనిస్తాడు.

మీ ఇంటి పొయ్యి ఆరకూడదు, మీ పిల్లల కడుపు మాడకూడదు, మీ గడప మీద ఎవరి కన్నూ పడకూడదు. పడిందా, నాకు పంపండి. కాస్త ఉప్పేసి తాగేస్తాను.