అచ్చులో మాయమైన జరీ

ఉత్త అక్షరాలతో రాసిన ఫైలును అచ్చు కాగితంగా మార్చడం నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. గద్వాల గ్రంథాలయంలో, కిటికీ పక్క కంప్యూటరు ముందు ఒక అట్ట ఊడిన పుస్తకం పెట్టుకొని నేర్చుకున్నాను. మాటకు అటూ ఇటూ స్టార్ గుర్తు పెడితే ఆ మాట ముదురుగా వస్తుంది, గుర్తు మాత్రం కనిపించదు. ఈ విద్య గురించి మా వీధిలో అందరికీ చెప్పాను.

అది విని పక్కింటి నేత పెద్దాయన తన నోటుబుక్కు తెచ్చాడు. అందులో పాత చీరె అంచు ఒకటి గీసి ఉంది. జరీ పోగుకు స్టార్, ఉత్త పోగుకు గీత. ఆ అంచు ఇంకెవరికీ రాదు. ఆయనకు చూపు తగ్గింది, కాగితాలు ముట్టుకుంటే రాలుతున్నాయి. సోమవారం కోడలు ఆ అంచుతోనే మగ్గం ఎక్కాలి.

పైన అంచు పేరు ముదురుగా పెట్టి, కింద గుర్తులు ఉన్నదున్నట్టు టైపు చేసి, అచ్చు తీసి పట్టుకెళ్లాను. కోడలు చూసి నవ్వింది.

"మామా, గిదేంది? జరీ అంత ఎవరో ఏరుకపోయిన్రు!"

పెద్దాయన కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "పైన పేరు మంచిగ పడ్డది బిడ్డా. మరి మా కోడలు పేరు జూసి నేస్తదా?"

స్టార్లను ముదురు గుర్తులనుకొని కంప్యూటరు మింగేసింది. వరుసలన్నీ కలిసి ఒక ముద్దయ్యాయి. సరిచూద్దామని నోటుబుక్కు తెరిస్తే ఆ పుట మడత దగ్గర పొడిపొడిగా రాలింది.

గ్రంథాలయానికి పరుగెత్తి ఫైలు తెరిచాను. టైపు చేసిన స్టార్లన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పోయింది అచ్చులోనే. అట్ట ఊడిన పుస్తకంలో నాకు అక్కర్లేదని వదిలేసిన చివరి అధ్యాయం అప్పుడు చదివాను. వరుస ముందు నాలుగు ఖాళీలు వదిలితే, కంప్యూటరు దాన్ని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టే అచ్చు వేస్తుందట.

అలా తీసిన కొత్త కాగితాన్ని కోడలు పైకి చదివింది. పెద్దాయన కళ్లు మూసుకొని విన్నాడు. "జరీ రెండు, ఉత్తది ఒకటి, జరీ రెండు..."

"ఆగు. ఆడ జరీ మూడు."

నేనే ఒకటి తక్కువ కొట్టాను. అక్కడే పెన్నుతో దిద్దాను.

"నీ పుస్తకంల గీ మూడో జరీ లేదా బిడ్డా?" అన్నాడు పెద్దాయన.

"లేదు పెద్దనాయనా."

సోమవారం పొద్దున ఆ కాగితాన్ని మగ్గం గుంజకు అంటించారు, నా పెన్ను గుర్తుతో సహా.