ఓనరు చేత బోణీ చేయించాను

ఒక్క పూటలో తన ఉద్యోగాన్ని, మేనేజరు గారి పరువును, పరాయి దేశపు పెట్టుబడిని కలిపి వంకాయ పచ్చడిలా నూరేసిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఇదిగో, నేనే. నాకు సంతకం తప్ప రాత రాదు కాబట్టి నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యలో అది నవ్వి కలం ఆపితే తప్పు నాది కాదు.

మా ఆయన పోయాక పదిహేనేళ్ళు విజయవాడ వన్‌టౌన్ సందుల్లో కూరగాయల బండి తోశాను. అరిచి అరిచి గొంతు రంపమైంది, మోకాళ్ళు అరిగాయి. అలాంటప్పుడు మా రోడ్డు మీదే పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. డబ్బంతా ఫారిన్ వాళ్ళదట. చల్లగాలి, అద్దాల తలుపులు, లోపల టమాటాలకు కూడా స్నానాలు. తోటి బండ్లవాళ్ళు శాపనార్థాలు పెడుతుంటే నేను పోయి పని అడిగాను. మేనేజరు కిశోర్ గారు కూరగాయల కాటా దగ్గర పెట్టారు. పొద్దున్నే విధవ ఎదురొస్తే మా వీధివాళ్ళు వెనక్కి పోయి మంచినీళ్ళు తాగి బయల్దేరేవాళ్ళు. ఈ కంపెనీ నన్ను ఏకంగా గుమ్మానికి ఎదురుగా నిలబెట్టింది. డాలరుకు శకునాలు తెలియవు, ఏం చేస్తాం.

పని తేలిక. కాటా మిషను మీద కూరగాయల బొమ్మలుంటాయి. వంకాయ బొమ్మ నొక్కితే ధర చీటీ అదే వస్తుంది, సంచికి అంటించడమే. అందులో ఎంతుందో నేనెన్నడూ చూడలేదు. కందకు లేని దురద కాటాకెందుకు?

మూడు నెలలయ్యాక కిశోర్ గారు ఒక మాట చెప్పారు. డబ్బు పెట్టిన ఓనరు కొట్టు చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే నాకు పర్మినెంటు కాగితం, పీఎఫ్, కూర్చోవడానికి స్టూలు. నచ్చకపోతే మళ్ళీ బండే. నవ్వి దణ్ణం పెట్టడం తప్ప నోరు తెరవనని నా చేత నాలుగుసార్లు ఒప్పించుకున్నారు.

పదింటికి రావలసినవాడు తలుపులు తీయగానే వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, ఉడికిన రొయ్య రంగు. నవ్వాను. దణ్ణం పెట్టాను. ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన వంకాయ తీశాడు, నొక్కాడు, వాసన చూశాడు, పెట్టేశాడు. సొరకాయను మద్దెలలా వాయించి అదీ పెట్టేశాడు. అటు తిరిగి నడక సాగించాడు.

మీరే చెప్పండి. బోణీ కాకముందు సరుకు ముట్టుకుని కొనకుండా పోతే ఇంక ఆ రోజు కొట్టులో బేరమాడేది ఈగలే. పెట్టుబడి కాకికేం తెలుసు బోణీ దెబ్బ? బుర్ర వద్దంటూనే ఉంది, చెయ్యి పోయి ఆయన చొక్కా పట్టేసుకుంది.

"బోణీ బేరం బాబూ. ముట్టుకుని అట్టా ఎల్లిపోతే ఎట్టా?"

కిశోర్ గారి మొహం పొట్లకాయలా పాలిపోయింది. "నాగేంద్రమ్మ గారూ, వదలండీ. ఆయన ఓనరండీ."

"ఓనరైతే మరీ మంచిదండీ. తొలి డబ్బు ఆయన చేత్తోనే పడనియ్యండి."

ఆయన వెంట వచ్చిన హైదరాబాదు అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. ఎంతని అడిగించాడు. నాది పదిహేనేళ్ళ బండి నాలుక. రెట్టింపు చెప్పడం దానికి ఊపిరి తీసినంత మామూలు. వంకాయలు అరకిలో నలభై అంది. ఆయన కళ్ళు మెరిశాయి. రెండు వేళ్ళు చూపించాడు, ఇరవై అని. నేను గుండె పట్టుకున్నాను. మొగుడు పోయిన రోజున కూడా అంత దిగులు మొహం పెట్టలేదు. మూడు వేళ్ళకు వచ్చాడు. ఇంకేం, తూచి, బొమ్మ నొక్కి, చీటీ అంటించి, కొసరుగా రెండు కాయలూ ఒక కరివేపాకు రెబ్బా పడేశాను. ఆయన ఆ సంచిని కబడ్డీలో గెలిచిన కప్పులా పైకెత్తి చూపించాడు.

చూస్తున్న ఆడవాళ్ళు ఊరుకుంటారా? మంగళగిరి చీర కట్టిన పెద్దావిడ ఒకామె, తెల్లాయనకు తగ్గించి తనకు తగ్గించరేమని టూత్‌పేస్టు బేరమాడింది. ఇంకొకామె షాంపూకు కొసరు అడిగింది. అయిదు నిమిషాల్లో ఆ అద్దాల కొట్టు పండగ ముందరి హనుమాన్ జంక్షన్ సంత అయిపోయింది.

ఓనరు మాత్రం కిశోర్ గారి దగ్గర ముప్పై రూపాయలు తీసుకుని బిల్లు దగ్గర దర్జాగా పెట్టాడు. బిల్లు కొట్టే శైలజ చీటీని చూసింది, ఆయన్ని చూసింది, చివరికి నన్ను చూసింది.

"ఇరవై రెండే సార్."

అంటే ఏమిటి? తన కొట్టులో తన వంకాయల్ని, తన జీతం తినే మనిషితో బేరమాడి, ఎనిమిది రూపాయలు ఎక్కువకు కొన్నాడన్నమాట.

నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. మనసులో అప్పటికే బండి చక్రాలకు ఆముదం రాస్తున్నాను. ఇరవై రెండు రూపాయలదానికి నలభై ఎందుకు చెప్పానో సారు అడుగుతున్నారంది హైదరాబాదు అమ్మాయి.

"ఇరవై రెండంటే ఆయన కొనేవోడా తల్లీ? పెట్టేసి పోయేవోడు. నలభై అన్నా గనక ముప్పైకి దింపానని మురిసిపోయాడు. ఆ మురిపెం ఎనిమిది రూపాయలు చెయ్యదా?"

ఆ పిల్ల నవ్వు బిగబట్టి చెప్పింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఏదో అన్నాడు. కిశోర్ గారు కుర్చీలో కూలబడ్డారు.

"పర్మినెంటు ఇవ్వమంటున్నారండీ," అంది అమ్మాయి. "కాకపోతే కాటా దగ్గర వద్దంట. మైలవరంలో రైతుల దగ్గర సరుకు కొనే పనిలో పెట్టమంటున్నారు. మిమ్మల్ని అమ్మేవైపు ఉంచితే కస్టమర్లు మిగలరంట."

మైలవరంలో తొలిరోజే ఒక రైతు వంకాయలకు రెట్టింపు చెప్పాడు. నేను సగానికి అడిగి గుండె పట్టుకోబోతే, నాకంటే ముందు ఆ రైతే పట్టుకున్నాడు. రెట్టింపు మాట వినేవాళ్ళ బాధేమిటో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే బెజవాడ వచ్చి, దుర్గమ్మ కొండకేసి తిరిగి, చెంపలేసుకుని ఒట్టు పెట్టాను. ఏ దేశపు ఓనరు వచ్చినా సరే, ఈ కట్టె కాలేదాకా రెట్టింపు ధర చెప్పను. ఒకటిన్నర రెట్లే చెబుతాను.