చిన్నమ్మ నుదుటి మీది ఈగ

మా చిన్నమ్మ నన్ను ఎవరికి పరిచయం చేసినా ఒకటే మాట చెప్పేది. "లోకంల గిరాకీ లేనోళ్లు ఈగలు తోలుకుంటరు. మావోడు ఈగలు పట్టుకుంట జీతం తీసుకుంటుండు." చెప్పి తనే ముందు నవ్వేది. నాకు కోపం వచ్చేది కాదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆ మాత్రం అనే హక్కు ఆవిడకు ఉంది.

నేను బాన్సువాడలో డిగ్రీ కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మిగిలిన పొద్దంతా మాంసపు ఈగలతో గడుపుతాను. ఇంట్లో తిరిగే ఈగకన్నా ఇవి పెద్దవి. బూడిద రంగు వీపు మీద మూడు నల్ల చారలు, పొట్ట మీద గళ్లు, ఎర్రటి కళ్లు. ఇవి గుడ్లు పెట్టవు. కదిలే పిల్ల పురుగులనే కుళ్లిన మాంసం మీద, పుండ్ల మీద, శవాల మీద జారవిడుస్తాయి. పైనుంచి చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లలే అనిపిస్తాయి. ఏది ఏ జాతో తేల్చాలంటే మగ ఈగ తోక చివర దాగి ఉన్న భాగాన్ని సన్నటి సూదితో బయటికి లాగి, మైక్రోస్కోపు కింద దాని వంపులూ కొక్కేలూ చూడాలి. ఆడ ఈగ దొరికితే చాలాసార్లు ఏ పేరూ చెప్పలేక పక్కన పెట్టేస్తాం. చచ్చినదాని మీదికి ఎగబడేవి ఎక్కువగా ఆడవే కావడం మా ఖర్మ.

ఒకసారి నిజాంసాగర్ కాలువ గట్టున ఎండిన చేప మీద ఒక మగ ఈగ దొరికింది. మిగతా వాటికి తోక కొస ఎర్రగా ఉంటే దీనికి నల్లగా నిగనిగలాడుతూ, పక్కన కుచ్చులాగా వెంట్రుకలు ఉన్నాయి. అలాంటిది నేను చదివిన ఏ వర్ణనలోనూ లేదు. ఆబగా సూది పెట్టి లాగాను, చూడాల్సిన ముక్క కాస్తా విరిగి ఎటో ఎగిరిపోయింది. ఆ రోజు నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. తర్వాత ఎన్ని ఎండలు తిరిగినా అలాంటి రెండోది కంటబడలేదు. కొత్త జాతిని లోకానికి చెప్పాలంటే కనీసం ఒక్క చక్కటి మగ ఈగ కావాలి. ఆ ఒక్కటీ నాకు లేదు.

చిన్నమ్మ ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున పోయింది. ఆవిడ కూతురు, మా అక్క, పుణెలో ఉంటుంది. బయలుదేరిందని, సాయంత్రానికి చేరుతుందని కబురు వచ్చింది. అప్పటిదాకా ఉంచాలి. కిరాయికి ఇచ్చే ఐసు పెట్టె ఆ రోజు బీర్కూర్ దిక్కు ఎవరింటికో పోయింది. వాకిట్లో పందిరి కింద చిన్నమ్మను పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. నుదుటి మీద రూపాయి బిళ్ల అంటించారు. పక్కింటి అవ్వ వేపమండ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే కూసో బిడ్డా. కొడుకసొంటోనివి. అక్క వచ్చేదాకా ముఖం మీద ఈగ వాలొద్దు. బిడ్డ తల్లి ముఖం మంచిగ చూడాలె."

మా దగ్గర ఈ పని ఎవరికిబడితే వారికి ఇవ్వరు. వేపమండ చేతికి వచ్చినవాళ్లు లేవరు, నిద్రపోరు. నేనూ అలాగే కూర్చున్నాను. కొంతసేపు ఏడ్చాను కూడా. ఆ ఏడుపు దొంగది కాదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను.

మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. జనం అన్నాలకని లేచి వెళ్లారు. వేపమండ ఊపుతూనే ఉన్నాను, ఈగలు లేస్తూ వాలుతూ ఉన్నాయి. అప్పుడు రూపాయి బిళ్ల మీద ఒకటి వాలింది. తోక కొస నల్లగా నిగనిగలాడుతోంది. పక్కన కుచ్చు ఉంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఊపితే ఎగిరిపోతుంది. చొక్కా జేబులో నా గాజు సీసా ఎప్పుడూ ఉంటుంది, చావుకు వచ్చినా తీసి పెట్టలేదు. సీసా తీసేలోపు ఈగ లేచిపోయింది. మళ్లీ వస్తుందని నాకు తెలుసు. రావాలంటే నేను కదలకూడదు. వేపమండ ఒళ్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అది రాలేదు, మిగతావి వచ్చాయి. చిన్నమ్మ కళ్ల మూలల్లో, ముక్కు దగ్గర ఆడ ఈగలు వాలాయి. అవి అక్కడ ఏం చేస్తాయో బాన్సువాడలో నాకంటే బాగా తెలిసినవాడు ఉండడు. తెలిసీ వాటిని లేపలేదు. లేపితే నాది బెదిరిపోతుందని ఊరుకున్నాను.

చివరికి అది వచ్చింది. మళ్లీ రూపాయి మీదే వాలింది. సీసా మూతిని మెల్లగా బిళ్ల మీద బోర్లించాను. బిళ్లతో సహా నుదుటి మీంచి పైకెత్తి, బిళ్లను పక్కకు జరుపుతూ మూత పెట్టేశాను. రూపాయిని మళ్లీ నుదుటి మీద అంటించాను. సిగ్గు లేకుండా చెప్పాలంటే, అప్పుడు నాకు కలిగింది సంతోషమే.

అక్క పొద్దు గూకే ముందు వచ్చింది. అందరినీ తోసుకుంటూ వచ్చి తల్లి ముఖం మీదికి వంగింది. వంగినది ఒక్కసారిగా ఆగిపోయింది. కంటి మూలలో తెల్లగా, నూకల్లాంటివి కదులుతున్నాయి.

"ఎవరు గూడ ఈగలు కొట్టలేదా?" అంది.

అవ్వ అందుకుంది. "అట్లనకు బిడ్డా. పొద్దుగాల నుంచి నీ తమ్ముడే కూసున్నడు. నీళ్లు గూడ తాగలే. ఎండలకు గట్లయితది, ఎవరేం జేస్తరు?"

అక్క తన కొంగుతోనే తల్లి కళ్లు తుడిచింది. తర్వాత నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చేతిని తర్వాత ఎన్నిసార్లు కడుక్కున్నా లాభం లేకపోయింది.

ఈసారి తొందరపడలేదు. సూదితో నెమ్మదిగా లాగితే అంతా చక్కగా బయటికి వచ్చింది. బొమ్మలు గీశాను. ఈ ఈగల సంగతి బాగా తెలిసిన పెద్దాయన ఒకరికి పంపితే, ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పని జాతేనని, ఆలస్యం చేయకుండా రాయమని అన్నారు. రాయలేకపోయాను. తోక వంపుల గురించి పేజీలు సాగుతాయి, ఎక్కడ పట్టారు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ పూట ఆగినట్టే ఆగుతుంది. చిన్నమ్మ పేరే ఈగకు పెడితే కొంతైనా రుణం తీరుతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. దొంగే గుడి కట్టించినట్టు ఉంది నా ఆలోచన. అయినా పేరు పెట్టాలంటే అక్కను అడగాలి. అడగాలంటే మొత్తం చెప్పాలి.

సంవత్సరికానికి అక్క వచ్చింది. భోజనాలయ్యాక ఇద్దరం అదే వాకిట్లో కూర్చున్నాం. వేపమండ ఆపిన దగ్గర నుంచి సీసా మూత పెట్టేదాకా అంతా చెప్పాను. కళ్ల మూలల్లో ఈగలు వాలుతుంటే చూస్తూ కూర్చున్నానని కూడా చెప్పాను. చివర్న పేరు సంగతి చెప్పాను.

అక్క ఆ రోజు పందిరి వేసిన చోటు వైపు చూసింది.

"నాకు గా దినమే ఎరుకైంది, తమ్మీ," అంది. "నీ భుజం మీద తల పెడితే జేబుల సీసా దవడకు ఒత్తింది. చూసిన. లోపల ఈగ ఉండె."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదక్కా?"

"అడిగితే ఇగ ఎవరి మీద పడి ఏడ్వాలె? నాకు మిగిలింది నువ్వొక్కనివే ఉంటివి."

తిట్టినా బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆమె కొంగు సర్దుకుని, మార్కెట్లో ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"గా ఈగ కింద పట్టినోళ్ల పేరు రాస్తరా?"

"రాస్తారు. సూదికి గుచ్చి, దాని కింద చిన్న కాయితం పెడతారు. ఏ ఊరు, దేని మీద దొరికింది, ఎవరు పట్టారు అని."

"ఎన్నేండ్లు ఉంటది?"

"మనం పోయినా ఉంటుంది."

"అయితే అమ్మ పేరు పెట్టకు. అమ్మను దానికి ముడెయ్యకు. గా కాయితం మీద నీ పేరు ఉంటది గదా, గది చాలు. వాకిట్ల దొరికిందని మాత్రం రాయకు తమ్మీ. ఉన్నది ఉన్నట్టు రాయి."

ఈగకు మా మంజీర నది పేరు పెట్టాను. సూది కింద పెట్టే కాయితం గోరంత ఉంటుంది. దాని మీద బాన్సువాడ అని రాశాను. చిన్నమ్మ నుదురు అని రాయడానికి వీల్లేదు కాబట్టి, మనిషి శవం, నుదురు అని రాశాను. దాని కింద, పట్టినవాడు అన్నచోట, నా పేరు రాశాను.