మాల్టా క్లాసులో ఆరో గొంతు

రమ సెల్ఫీ తీసుకుంటూ కొండ మీంచి పడిపోయిందని సిడ్నీలోని హారిస్ పార్క్‌లో మిఠాయిలు కొనడానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ చెప్పుకుంటున్నారు. తప్పు. ఫోను సంచిలో ఉంది. సంచికి జిప్ వేసి ఉంది. ఆ సంచి కొండ పైన, కాలిబాట పక్కన బండకి ఆనించి ఉంది. పోలీసులు దాన్ని నా చేతికే ఇచ్చారు. తెరిచి చూసింది నేను. కథలు చెబుతున్నది చూడనివాళ్ళు.

రెండో కథ నా గురించి. వాణికి అక్కడ దయ్యం కనబడిందట. నాకేమీ కనబడలేదు. దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. సిడ్నీ శివార్లలోని ద పాండ్స్‌లో ఇల్లు కొనేటప్పుడు వాస్తు అన్నందుకే మా ఆయన నోరు మూయించినదాన్ని. కనబడలేదు, వినబడింది. అది మాత్రమే చెబుతాను.

నేనూ రమా సిడ్నీలో కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ చెప్పేవాళ్ళం. మాల్టాలో టీచర్లకి ట్రైనింగ్ కోర్సు ఉందన్న కబురు పట్టుకొచ్చింది రమే. మధ్యధరా సముద్రంలో చిన్న దీవి అది. "కాసేపు క్లాసు, తర్వాత దీవంతా తిరుగుడు. రెండు వారాలు వంట లేదే వాణీ!" అంది. యూనివర్సిటీలో చదువుతున్న రమ కూతురు సాహితి ఎయిర్‌పోర్టుకి వచ్చి "మమ్, సన్‌స్క్రీన్!" అని గుర్తుచేసి మరీ పంపింది.

ఆ కోర్సులో ఒక పద్ధతి ఉంది. టీచర్లనే విద్యార్థులుగా కూర్చోబెట్టి, వాళ్ళకి ఒక్క ముక్క కూడా తెలియని భాషలో పాఠం చెప్పిస్తారు. కొత్త భాష నేర్చుకునేవాళ్ళ అవస్థ ఎలా ఉంటుందో తెలియాలని. మా ట్రైనర్ ఫియోనా, ఈసారి తెలుగు, చెప్పేది వాణి అంది. తెలుగు వచ్చిన రమ ఆ పాఠానికి పనికిరాదు. అందుకని ఆ రోజంతా రమకి సెలవు.

పాఠానికి వాక్యాలు ఏరింది కూడా రమే. నేను "నా పేరు వాణి"తో మొదలుపెడదామన్నాను. "నీ పేరు ఎవరిక్కావాలి? ముందు 'నాకు నీళ్ళు కావాలి' పెట్టు. కొత్త చోట మనిషికి మొదట కావాల్సింది అది" అంది. నాతో వాదించి గెలిచేది అదొక్కతే.

పొద్దున్నే టోపీ పెట్టుకుని బయల్దేరింది. "నీ క్లాసు చూసి నవ్వుకునే అదృష్టం లేకపోయిందే" అంది. "నీ ఫొటోలు చూసే ఖర్మ నాకుందిగా, వెళ్ళు" అన్నాను. మా మధ్య అవే ఆఖరి మాటలు.

భోజనాలయ్యాక పాఠం. నా ముందు అయిదుగురు. "నాకు నీళ్ళు కావాలి" అన్నాను. అయిదుగురూ "నాకు నీలు కావాలి" అన్నారు. ళ వాళ్ళకి నోరు తిరగలేదు. వాళ్ళ వెనకాల, ఒక్క క్షణం ఆలస్యంగా, ఇంకో గొంతు వినబడింది. అది శుభ్రంగా "నీళ్ళు" అంది.

తలుపు పక్క కుర్చీ రమది. ఎండకి తట్టుకోలేక తిరిగొచ్చి ఆటపట్టిస్తోందనుకున్నాను. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే "ఆపవే, నువ్వు స్టూడెంటువి కావు" అన్నాను.

తర్వాతి వాక్యం, "నా పేరు వాణి." అందరూ అన్నారు. ఆ గొంతు మాత్రం ముందుకి కదల్లేదు. "నాకు నీళ్ళు కావాలి." ఈసారి సన్నగా.

ఒళ్ళుమండి తిరిగాను. కుర్చీ ఖాళీ. నాకొక్కదానికే వినబడిందని అనకండి. వెనక వరసలో కూర్చున్న ఇటలీ పెద్దావిడ కూడా మెడ తిప్పి ఆ కుర్చీనే చూస్తోంది.

సాయంత్రం రమ రాలేదు. ఫోను ఎత్తలేదు. మర్నాడు పడమటి ఒడ్డున కొండ కింది రాళ్ళలో చేపలవాళ్ళకి కనబడింది. మధ్యాహ్నానికి ముందే పడిందనీ, పడ్డ క్షణంలోనే ప్రాణం పోయిందనీ డాక్టరు చెప్పాడు. ఏ బాధా తెలిసి ఉండదన్నాడు. ఆ మాటే ఫోన్లో సాహితికి చెప్పాను. ఆ పిల్ల ఆ ఒక్క మాటని పట్టుకునే నిలబడింది.

మా పాఠాలన్నీ ఫియోనా వీడియో తీసేది, తర్వాత తప్పొప్పులు మాట్లాడుకోవడానికి. నేను సిడ్నీ వచ్చాక నాది పంపింది. ఆ గొంతు అందులో ఉంది. నా తిట్టూ ఉంది. రాతి గోడల గది కదా, ప్రతిధ్వని అయి ఉంటుందని రాసింది ఫియోనా. ప్రతిధ్వని ఉచ్చారణ దిద్దుతుందా?

మా ఆయన, "నీ గొంతేనేమో" అన్నారు. "నేను అప్పుడు వేరే వాక్యం చెబుతున్నాను, చూడండి. నాకేమైనా రెండు నోళ్ళా?" అన్నాను. "ఒకటే ఎక్కువ మాకు" అన్నారు. ఇద్దరమూ నవ్వలేదు.

పోయిన వారం సాహితి మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, ఆ వీడియోలో మమ్ వాయిస్ ఉందట కదా. ఐ వాంట్ టు హియర్ ఇట్." వద్దని చెప్పి చూశాను. నా మాట వినలేదు, రమ కూతురు కదా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, వెనక్కి జరిపి మళ్ళీ వింది.

"దట్స్ మమ్" అంది.

తర్వాత, నాతో ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడే పిల్ల, తెలుగులో అడిగింది. "అమ్మ ఆ రాళ్ళ మధ్య బతికే ఉందా ఆంటీ? చాలాసేపు?"

"వెంటనే పోయిందని డాక్టరు చెప్పాడు కదమ్మా" అన్నాను.

ఆ డాక్టరుకి ఉత్తరం రాశాను. చెప్పిందే మళ్ళీ చెప్పాడు, మర్యాదగా. అతను అబద్ధమాడాడని నేననను. వీడియో అబద్ధమని కూడా అనలేను. రెండూ ఎలా నిజమవుతాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

రమ సంచి నా దగ్గరే ఉంది. అందులో నీళ్ళ సీసా ఉంది, నిండుగా, మూత కూడా తియ్యలేదు. దయ్యం కథలు చెప్పేవాళ్ళు, సెల్ఫీ కథలు చెప్పేవాళ్ళు, ఎవరైనా సరే, నాకూ ఆ పిల్లకీ ఒక్క సంగతి చెప్పండి. పడ్డ క్షణంలోనే పోయిన మనిషి, మా భోజనాలయ్యాక నీళ్ళెందుకు అడిగింది?