లేని కడుపునొప్పి

ఆ రోజుల్లో శుభ్రత అంటే మంఖాల్‌లోని మా ఇంట్లో ఉన్నదే అని నా గట్టి నమ్మకం. మిగతావాళ్ళంతా ఏదో బతికేస్తున్నారులే అని జాలిపడేవాణ్ణి. ఆ జాలితోనే ఒక బక్రీద్ నాడు, స్నేహితుడి ఇంట్లో కడుపునొప్పని చెప్పి అన్నం ముందు నుంచి లేచి వచ్చేశాను. నొప్పి లేదు. ఆ సంగతి మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ స్నేహితుడు తరాజు భాయ్. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సరుకుల గోదాములో నాతోపాటే కొత్తగా చేరాడు. (పెట్టెను చూసి బరువు చెప్పేవాడు, అందుకే ఆ పేరు.) వాళ్ళ ముత్తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చి పహాడీ షరీఫ్ దగ్గర స్థిరపడ్డారు. పండగ పూట బండి చక్రమంత పళ్ళెంలో అన్నం, మాంసం కుప్పపోసి, దాని చుట్టూ వాళ్ళ నాన్నను, అన్నను, మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. "జర జరుగు భాయ్, మా ఇంట్ల గిట్లనే. నీ దిక్కుది నువ్వు తిను" అన్నాడు తరాజు భాయ్. వాళ్ళమ్మ మంచి ముక్కలు ఏరి నా వైపు తోసింది. నాలుగు చేతులు ఒకే అన్నంలో! 'ఎంగిలి' అన్న మా అమ్మ గొంతు చెవిలో మోగింది. పొట్ట పట్టుకున్నాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు క్యాంటీన్‌లో పదిమందిని పోగేసి, "ఒకటే పళ్ళెంల నలుగురు చేతులు పెడ్తరు. ఎవని ఎంగిలి ఎవడు తింటుండో దేవునికే ఎరుక!" అన్నాను. అందరూ నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయారు. నా వెనక తరాజు భాయ్, చేతిలో డబ్బా. "అమ్మీ పంపింది. నీ కడుపునొప్పికి పెరుగన్నం" అని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పని మాటలు తప్ప మా మధ్య మాటల్లేవు.

ఆ ఏడే మా బాపు పోయాడు. మూడో రోజు పొలంగట్టున విస్తట్లో ఆయనకిష్టమైనవన్నీ పెట్టి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముట్టనిదే మేమెవరం ముద్ద ముట్టకూడదు. తరాజు భాయ్ పిలవకుండానే వచ్చి, మాతోపాటే ఖాళీ కడుపుతో నిలబడ్డాడు. నెత్తిమీద విమానాలు పోతున్నాయి కానీ కాకి జాడ లేదు. (రన్‌వే దగ్గర పిట్టల్ని తరమడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారు. ఇక్కడ మేము చేతులెత్తి పిలుస్తున్నాం.) మా మేనమామ, "ఏం కోరికున్నది బావా? పిల్లగాని లగ్గం నేను జేస్త, ఇగ వచ్చి ముట్టు!" అని ఆకాశంతో బేరమాడుతున్నాడు. తరాజు భాయ్ నవ్వుతాడేమోనని నాకు భయం. అతను నా పక్కకొచ్చి, "బాపుకు ఇంకేమిష్టం భాయ్?" అని మెల్లగా అడిగాడు. చాయ్ బిస్కెట్ అన్నాను. బండిమీద తుక్కుగూడ దాకా పోయి తెచ్చాడు. బిస్కెట్ పెట్టీ పెట్టకముందే కాకి దిగింది. మామ అతణ్ణి కావలించుకున్నాడు.

కాకి ముట్టేదాకా కూడు ముట్టని ఇంట్లో పుట్టి, మనుషులు కలిసి తింటే ముక్కు మూసుకున్నవాణ్ణి నేను! ఇదేంది అని అతను ఒక్క మాట అడగలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ మాటలు కలిశాయి. ఇంటికి రమ్మని మాత్రం ఎన్నడూ పిలవలేదు.

మొన్న పిలవకుండానే వెళ్ళాను. చూపు మందగించిన వాళ్ళమ్మ ముందు కూర్చుని, "అమ్మీ, ఆ బక్రీద్ నాడు నాకు కడుపునొప్పి లేకుండె" అన్నాను.

"మాలూమ్ బేటా. నొప్పి ఉన్నోడు పోతూ పోతూ రెండు గిన్నెల ఖుబానీ మీఠా తింటడా?" అని ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆనాటి ఆ శుభ్రమైన కుర్రాణ్ణి తలచుకుని. తరాజు భాయ్ మాత్రం నవ్వలేదు. నా వైపే చూస్తున్నాడు. అతని చెయ్యి పట్టుకున్నాను.

"క్యాంటీన్ల నేనన్న మాట తప్పు భాయ్. అమ్మీ పెట్టిన అన్నాన్ని పదిమందిల నవ్వులపాలు జేసిన. మాఫ్ చెయ్యి."