దుంప తెగిన మెట్టతామర

మా వదిన దర్జీ. తను కుట్టిన రవికకు భుజం దగ్గర చిన్న ముడత పడినా ఆ పూట ఆమెకు అన్నం సహించదు. అలాంటి మనిషి మిషను ముందు కూర్చుని, కిటికీ ఎదురుగా రోడ్డు పక్కన జనం చెత్త పోసే నలభై అడుగుల నేలను రోజూ చూడాల్సి వచ్చేది. ఒకరోజు రోడ్డు మేస్త్రీ వచ్చి దానికి సిమెంటు పోసేస్తామన్నాడు.

"పూలమొక్కలు వేస్తాను, వదిలేయండి బాబూ," అంది వదిన.

"నెల టైమిస్తానమ్మా. తోటలా కనబడితే సరే. లేదంటే లారీతో వస్తా."

ఒక్కసారి పూసి ఎండిపోయే మొక్కలు ఆమెకు నచ్చవు. నాటితే ఏళ్ల తరబడి తమంతట తామే పిలకలేసేవి కావాలి. అలాంటిది మా ఇంట్లో ఒక్కటే ఉంది, అన్నయ్య ప్రాణంగా పెంచుకున్న ఎర్ర మెట్టతామర. దాని పూలు ఎంత ఎరుపంటే, సిగ్నలనుకుని బస్సులు ఆగేవి. ఒక డ్రైవరైతే అది పచ్చబడుతుందేమోనని సాయంత్రం దాకా చూశాడు. అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టే కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి, ఇంతకన్నా తగ్గించి చెప్పలేను.

అన్నయ్య క్షవరానికి వెళ్లిన అరగంటలో వదిన ఆ దుబ్బును పెకలించేసింది. ఆయన తిరిగొచ్చి గేటు దగ్గరే కేకేశాడు.

"నీ దుంప తెగ! ఏం పనే ఇది?"

"నాది కాదండీ, మీదే తెగింది," అంది వదిన కత్తి తుడుచుకుంటూ.

నేను నవ్వాను. ఆ రోజంతా అన్నయ్య నాతో కూడా మాట్లాడలేదు.

వదిన టేపు పెట్టి మూడేసి అంగుళాలు కొలిచి, రవికగుడ్డ కత్తిరించినట్టు ఆ దుంపను పదహారు ముక్కలు చేసింది. వరసగా నాటింది. మూడు వారాలకు తొమ్మిదే మొలిచాయి. ఏడుచోట్ల మట్టి మట్టిగానే ఉంది. అన్నయ్య ఉండబట్టలేక ఒక ముక్క తవ్వి చూపించాడు.

"ప్రతి ముక్కకీ కన్నుండాలే, మొలకొచ్చేది అక్కణ్ణించే! కన్ను చూసి కోయాలి. కొలత చూసి కోయడానికి ఇదేమన్నా జాకెట్టా?"

వదిన మొహం చిన్నబోయింది. గడువు ఇంకో వారమే. ఎవరినీ చెంచాడు పంచదార కూడా అడగని మనిషి, మర్నాడు మిషను మూసి, గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటి నర్సమ్మ చేమంతి పిలకలు ఇచ్చింది. ఎంగిలి చేత్తో కాకిని తోలని బేకరీ బాబాయి మాత్రం లిల్లీలకు అడ్డంగా నిలబడ్డాడు.

"మొక్క ఇవ్వనమ్మాయ్."

"మొక్కెవరికి కావాలి బాబాయ్? దుబ్బు విడదీసి సగం నీకే ఉంచుతా. ఇరుకు తగ్గితే అదింకా బాగా పూస్తుంది."

"మీ ఆయన దుంప కోసినట్టే కోస్తావా?"

సంగతి వీధంతా పాకిపోయిందన్నమాట. వదిన తొణకలేదు.

"ఆ తప్పు చేశాను కాబట్టే ఇప్పుడు బాగా వచ్చు. నువ్వు దగ్గరుండి చూడు."

ఆయన చూశాడు. ఇచ్చాడు. అలా ఏడిళ్ల పిలకలు ఏడు ఖాళీల్లో కుదురుకున్నాయి. నేనైతే మూడో గుమ్మం దగ్గరే సిగ్గుపడి వెనక్కి వచ్చేసేవాణ్ణి.

చెప్పిన రోజుకే మేస్త్రీ లారీతో దిగాడు. ఒక్క పువ్వు లేదు. లిల్లీల దగ్గర వంగి చూసి పెదవి విరిచాడు.

"ఇదంతా గడ్డి కదమ్మా."

వదిన నోరు తెరిచేలోపే బేకరీ బాబాయి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. "ఏదయ్యా గడ్డి? పదేళ్లు పెంచాను దాన్ని!"

"నా చేమంతి మీద కాలేస్తున్నారు, కాస్త జరగండి," అంది నర్సమ్మ.

మిగతా ఐదిళ్లవాళ్లూ వచ్చేశారు. ఎవరి మొక్క ముందు పూస్తుందో వాళ్లలో వాళ్లకే వాదన మొదలైంది. అన్నయ్య గొంతు అందరికన్నా పైన. మేస్త్రీ చెవులు మూసుకుని, కాగితం మీద 'తోట' అని రాసి, లారీని వెనక్కి తిప్పించాడు.

ఆ గొడవలో వదిన లేదు. లిల్లీల పక్కన కూర్చుని, మేస్త్రీ చూపించినవాటిలో నిజంగానే గడ్డి అయిన మూడు మొక్కలను చప్పుడు కాకుండా పీకి కొంగులో దాచుకుంటోంది.