ఎన్లార్జర్ వెనక అట్టముక్కలు

స్టూడియో పెద్దాయన డార్క్‌రూమ్‌లోకి వెళ్ళేముందు చేతి గడియారం తీసి బయట పెడతాడు. దాని ముళ్ళ మెరుపు కూడా ఫోటో కాగితానికి పడదట. ఫోటోలు పెద్దవి చేసే ఎన్లార్జర్ ముప్పై ఏళ్ళుగా ఆ గది గోడకే బిగించి ఉంది. ఈమధ్య గ్రూపు ఫోటో వేస్తే ఎడమ చివర నిలబడ్డవాళ్ళ ముఖాలు మసగ్గా వస్తున్నాయి. మిషన్ వాలిందని, వెనక ఒక అట్టముక్క దోపి సరిచేశాడు. నెల తిరక్కుండా మళ్ళీ వాలింది. అలా అట్టలు ఏడయ్యాయి. "నాతోపాటే దీనికీ నడుం పోయింది, మార్చేద్దాం" అన్నాడు భార్యతో. "నన్ను మారుస్తాననలేదు, అంతే చాలు" అందావిడ, గోడకు అవతలి గదిలోంచి.

కొత్తది కొనేముందు ఒకసారి చూడమని మెకానిక్‌ను పిలిచాడు. అతను పాతదాన్ని విప్పి బల్లమీద నిలబెట్టాడు. దాని కడ్డీ నిటారుగానే ఉంది. తర్వాత వాలు చూసే రసమట్టం గోడకు ఆనించి, దాని బుడగ ఎటు జరిగిందో చూశాడు.

"బాబాయ్, మిషన్‌కేం రోగం లేదు. గోడే ఒరుగుతోంది."

పెద్దాయన ఏడు అట్టముక్కలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి చూసుకున్నాడు. వేలెడు మందం ఉన్నాయి. అంతలో అవతలి గదిలోంచి భార్య కేకేసింది.

"ఏమండీ, ఈ తలుపు పట్టేసింది, ఎంత లాగినా రావట్లేదు. అటునుంచి గట్టిగా ఒక్క తోపు తొయ్యండి."

ఆయన పరుగున వెళ్ళి, ఆ గోడకే ఉన్న తలుపుమీద రెండు చేతులూ ఆనించాడు. తల పైకెత్తి గోడ వంక చూశాడు. ఇక తొయ్యడానికి చేతులు రాలేదు.